పీత తాత కొలిచిన జిగురు

లంగరేసిన ఓడను ఒంటి డెక్కతో ఒడ్డుకు లాగిన పీతను నేను. నమ్మకపోతే ఆ ఓడనే అడగండి.

ఒకనాడు పెద్ద అల వస్తోందని కబురొచ్చింది. పది జిగురు పోగులతో రాతికి అతుక్కున్న ఆల్చిప్పకి బెంగ పట్టుకుంది.

"తాతా, నా జిగురు ఆగుతుందంటావా? ఊడితే ఇసుకలో పడి కొంగల పాలవుతాను."

"కొలిచి చెబుతాను పిల్లా. ఏడు సముద్రాల్లో నాలాంటి కొలతగాడు లేడు."

మొదటి పోగును పట్టి లాగాను. ఏడు లాగుళ్లకు రాతినుంచి ఊడొచ్చింది. రెండోది ఎనిమిదికి. మూడోది తొమ్మిదికి. సగం కొలిచి వదిలేసే రకాన్ని కాను కదా, పదీ కొలిచాను.

"సగటున ఎనిమిది లాగుళ్లు. ఏ అల కూడా నిన్ను కదపలేదు. నిశ్చింతగా ఉండు."

"దేన్ని పట్టుకుని ఉండను తాతా? పదీ పీకేశావు."

అంతలో అల లేచింది. నేను రాతిసందులోకి దూరాను. ఆల్చిప్ప గబగబా కొత్త పోగు తీసి, చేతికందిన గట్టి వస్తువుకి అంటించింది. అది నా వీపు.

ఆల్చిప్ప బతికింది. మూడేళ్లుగా మోస్తున్నాను. నా వీపుమీద జిగురు రాతిమీదకన్నా గట్టిగా పడుతుంది, అది నా గొప్పే. ఎన్ని లాగుళ్లో మాత్రం చెప్పలేను. ఓడను లాగిన డెక్క వీపుకి అందడం లేదు.