కొత్త మెంబరు

ఆటోనగర్ మలుపు తిరగ్గానే రాజ్యశ్రీ లారీ వేగం తగ్గించింది. రేకుల షెడ్డు ముందు అప్పటికే నీళ్ళు చల్లి, ముగ్గు వేసి ఉంది. లారీ ఓనర్ల స్నేహ సంఘం వాళ్ళు ఆదివారం పొద్దున్నే అక్కడ కలుస్తారు. కొత్తగా చేరేవాళ్ళు బండితో సహా రావాలి.

చేర్చుకునే పెద్దరికం రామలింగం గారిది. సంఘం పెట్టినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది ఆయనొక్కరే. బండి చుట్టూ ఒకసారి తిరుగుతారు. కొత్తవాళ్ళని రెండు మూడు మాటలు అడుగుతారు. మనసుకి నచ్చితే తల మీద చెయ్యి పెట్టి, "ఇవాళ్టి నుంచి మనవాడు" అంటారు. ఆ మాట నోట్లోంచి రావడమే ఆలస్యం, మెంబర్లందరూ తమ బండ్ల హారన్లు మోగిస్తారు.

ఆ చెయ్యి తన తల మీద పడాలనే రాజ్యశ్రీ వచ్చింది.

పోయిన ఆదివారం పడలేదు. "ఆడపిల్ల చేతికి లారీ ఇచ్చి రోడ్డు మీదకి తోలిన తండ్రికి బుద్ధుందా?" అంటూ ఆయన షెడ్డులోకి వెళ్ళి కూర్చున్నారు. ఎంతమంది నచ్చజెప్పినా బయటికి రాలేదు. ఆ మాట వారమంతా ఆమె చెవుల్లో మోగుతూనే ఉంది.

అందుకే ఇవాళ చల్లపల్లి నుంచి తెచ్చిన ధాన్యం బస్తాలు దింపేసి, కొండెక్కి అమ్మవారి దర్శనం చేసుకుని మరీ వచ్చింది. "ఇవాళైనా నన్ను కాదనకుండా చూడు తల్లీ" అని మొక్కుకుంది. అంతకంటే పెద్ద కోరికే నాలుక చివరిదాకా వచ్చింది. అడిగాక అమ్మ ఇవ్వకపోతే, రేపట్నుంచి దీపం ఏ మనసుతో పెట్టాలి? అడగలేదు.

సంఘం సెక్రటరీ బాలశౌరి ఎదురొచ్చాడు. గుణదలలో ఉంటాడు. మేరీమాత లాకెట్టు ఎప్పుడూ చొక్కా మీదే ఉంటుంది.

"ఇవాళ పెద్దాయన ఎలా ఉన్నారన్నా?" అని కేబిన్‌లోంచే అడిగింది రాజ్యశ్రీ.

"బానే ఉన్నారమ్మా. ఇడ్లీ తిన్నారు. జీవరత్నాన్ని తిట్టారు కూడా. అంటే బాగున్నట్టే."

జీవరత్నం తన బండి పక్కనుంచి తల పైకెత్తాడు. "నా టైర్లు చూసి, వీటికంటే నీ తలే నయం, అక్కడక్కడా నాలుగు వెంట్రుకలైనా ఉన్నాయన్నారమ్మా. అంతమంది ముందు."

"అబద్ధం చెప్పలేదుగా" అన్నాడు బాలశౌరి.

రామలింగం గారు కర్ర పట్టుకుని బయటికొచ్చారు. ఎవరో శ్రద్ధగా ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, నుదుట కుంకుమ. రాజ్యశ్రీ కిందికి దిగి, చెప్పులు విప్పి నిలబడింది. పోయిన వారం సంగతి ఆయన ఎత్తలేదు. ఎవరూ ఎత్తలేదు.

ఆయన బండి చుట్టూ మెల్లగా నడిచారు. డీజిల్ ట్యాంకుని అరచేత్తో తట్టారు. తాళ్ళు కట్టే కొక్కేలు ఒక్కొక్కటీ లాగి చూశారు. ముందుకొచ్చి, అద్దం పైన రాసి ఉన్న పేరుని కూడబలుక్కుని చదివారు.

"రాజ్యశ్రీ. ఎవరీమె?"

"నేనేనండి."

"నీ పేరు నువ్వే రాయించుకున్నావా?"

"మా నాన్న రాయించారండి. నేను పుట్టిన ఏడు మొదటి బండి కొన్నారు, దాని మీద. ఆ తర్వాత ఏ బండి కొన్నా అదే పేరు."

"పిచ్చోడు" అని నవ్వారాయన. "కూతురంటే అంత ప్రాణమన్నమాట."

జీవరత్నం అటు తిరిగి టైరు బోల్టులు చూడసాగాడు.

"ఇంటి దగ్గర ఎవరెవరున్నారమ్మా? దారిలో నీకేదన్నా అయితే మేం ఎవరికి కబురు చెయ్యాలి?" కొత్తవాళ్ళందరినీ ఆయన తప్పకుండా అడిగే ప్రశ్న ఇది.

"నాన్నొక్కరేనండి. అమ్మ పోయింది."

"అయ్యో." ఆయన రెండు చేతులూ కర్ర మీద ఆనించారు. "మీ నాన్న బెంగ పెట్టుకున్నాడా?"

"పెట్టుకున్నారండి. అప్పట్నుంచి స్టీరింగు ముట్టుకోలేదు."

"ఎలా ముట్టుకుంటాడు? ట్రిప్పు నుంచి వచ్చాడా లేదా అని చూసే మనిషి లేకపోతే ఇక ఏ ఊరు వెళ్ళి ఏం లాభం?" ఆయన గొంతు తగ్గించారు. "ఆయన్ని విసుక్కోబాక తల్లీ. అడిగిందే అడిగినా, మళ్ళీ చెప్పు."

"విసుక్కోనండి" అంది రాజ్యశ్రీ.

ఆయన తలూపారు. బాలశౌరి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. జీవరత్నం కర్పూరం వెలిగించాడు. రాజ్యశ్రీ బండెక్కి, నిమ్మకాయలు నలిగేదాకా ముందుకి పోనిచ్చి, దిగొచ్చి తల వంచింది.

రామలింగం గారి చెయ్యి వచ్చి ఆమె తల మీద ఆగింది.

"ఇవాళ్టి నుంచి మనమ్మాయి" అన్నారు.

హారన్లు మోగాయి. వీధి చివర వెల్డింగు షాపులో వాళ్ళు కూడా పని ఆపి ఇటు చూశారు. ఆయన చెయ్యి తీసేదాకా రాజ్యశ్రీ తలెత్తలేదు. తీశాక కూడా వెంటనే ఎత్తలేదు.

"గట్టి పిల్ల" అన్నారాయన సంతోషంగా. "బాలశౌరీ, వచ్చే ఆదివారం కొత్తవాళ్ళెవరన్నా ఉన్నారా?"

"ఉన్నారండి. ఒకరు" అన్నాడు బాలశౌరి నేలకేసి చూస్తూ.

"మంచిది. ఎండెక్కుతోంది, నేనింక ఇల్లు చేరాలి" అంటూ రామలింగం గారు రోడ్డుకి ఆ పక్కా ఈ పక్కా చూశారు.

రాజ్యశ్రీ కేబిన్ తలుపు తీసి, కన్నకూతుర్ని మర్చిపోయి రెండేళ్ళయిన ఆ తండ్రిని చెయ్యి పట్టి పైకి ఎక్కించుకుంది.