చిగురేసిన రేగుపొద

ముళ్లపొదల బీడులో, ఎండిన రేగుపొద కింద ఒక కౌజుపిట్ట గుడ్లు పొదుగుతోంది. వారం రోజులు ముసురు పట్టింది. పిట్ట కళ్లు మూసుకుని గుడ్ల మీదే కూర్చుంది. వాన వెలిశాక ఆకలి మీద చుట్టూ చూడకుండానే పురుగుల కోసం వెళ్లి తిరిగొస్తే బీడంతా చిగురేసి ఉంది. తన పొద ఏదో దానికి తెలియలేదు.

ఏడుస్తూ తిరుగుతుంటే, గుడ్లంటే పడిచచ్చే ఉడుము ఎదురైంది.

"గుర్తులు చెప్పు పిల్లా, నేను వెతికిపెడతాను" అంది.

"ఒక్క ఆకు కూడా లేని రేగుపొద, మామా" అంది పిట్ట అమాయకంగా.

ఉడుము తాను వచ్చే దారిలో చూసిన, దూరాన ఇంకా చిగురేయని ఒకే ఒక్క మోడుపొద వైపు పరుగెత్తింది. అంతలో పక్కనున్న పచ్చటి పొదలోంచి, అప్పుడే గుడ్లు పగిలి బయటికొచ్చిన తన పిల్లల కిచకిచలు వినిపించాయి. పిట్ట గబగబా వాటిని వెంటేసుకుని గడ్డిలోకి వెళ్లిపోయింది.

తాను ఉడుముకు చెప్పింది నిజమో అబద్ధమో, ఎంత ఆలోచించినా దానికి తేలలేదు.