పేర్లన్నీ ఒక్కడివే

"ఇది కూడా ఎవడో పట్టేశాడన్నా," అంది యీ-ఫాంగ్ టీ నీళ్ళలో ఉడికించిన గుడ్డు పెంకు ఒలుస్తూ.

ఫోనులో రెండేసి ఉన్న ఫొటోల్లో ఒకదాన్ని తీసేసే ప్రోగ్రాం ఆమె రెండు రోజుల్లో రాసేసింది. దానికి పేరు కోసం తైపేలోని ఆ ఆఫీసు మూడు వారాలుగా తపస్సు చేస్తోంది. ప్రోగ్రాంలు నమోదు చేసే సైటులో ఒక పేరు ఒక్కరికే ఇస్తారు.

"‘ఒక్కటి చాలు’ చూడు. పేరు వినగానే పని తెలియాలి," అన్నాడు సీనియర్ కువో-లియాంగ్. పేర్ల మీద ఆయనకున్న శ్రద్ధ పని మీద ఎవరూ చూడలేదు.

"అదీ పోయింది. లోపల మాత్రం ఒక్క లైను కోడ్ లేదు. ఆరేళ్ళ కిందట పేరు నమోదు చేసి వదిలేశారు."

"బస్సులో కర్చీఫ్ వేసి ప్రయాణం మానుకునే రకం. సిగ్గులేని వెధవ. పేరు వదలమని వాడికి మెయిల్ రాయి."

చిరునామా కోసం ఆమె సైటులో ఆ పేరు యజమాని పేజీ తెరిచింది. నలభై మూడు పేర్లు. మూడు వారాలుగా ఆయన చెప్పినవన్నీ అందులోనే ఉన్నాయి. అన్నీ ఖాళీయే.

"మెయిల్ ఎందుకన్నా? మీ పక్కనే ఉన్నానుగా."

కువో-లియాంగ్ తెర వైపు వంగి, యజమాని అన్నచోట తన పేరే చదువుకున్నాడు.

"అన్నీ రాద్దామనే అనుకున్నాను," అన్నాడు మెల్లగా.

"ఒకటి నేను రాసేశాను. దాని పేరు ఇటివ్వండి."