పోని ముడి

“మాకు సంప్రదాయాలేమీ లేవు సార్,” అంది సబ్బత్త, ఇస్త్రీపెట్టె మీదనుంచి చెయ్యి తీయకుండానే.

మేనేజరు గుండెల్లో రాయి పడింది. సాయంత్రం నాలుగింటికి హోటల్లో సిబ్బంది సంప్రదాయ దినోత్సవం. వంటవాళ్ళు కోతపాట పాడతామన్నారు. గేటు దగ్గర కాపలాదారు వాళ్ళ తాత తలపాగాని పెట్టెలో పెట్టుకుని మరీ తెచ్చాడు. బట్టలుతికే విభాగం నుంచి మాత్రం పంపిన కాగితం పంపినట్టే తెల్లగా తిరిగొచ్చింది. “ప్రతి విభాగమూ స్టేజీ ఎక్కాలి. ఒక్కటి తగ్గినా మీ కుర్చీకి ఇంకో మనిషిని చూసుకుంటాను,” అని హోటల్ యజమానురాలు పెద్దమేడమ్ నిన్ననే చెప్పేసింది. ఆవిడ అన్నంత పనీ చేస్తుంది. ఆ కుర్చీలో తనకంటే ముందు కూర్చున్న ముగ్గురూ ఇప్పుడు ఎక్కడున్నారో మేనేజరుకి తెలుసు.

“ఏదో ఒకటి ఉండకుండా ఎలా ఉంటుంది సబ్బత్తా? పాటో, ఆటో, పెళ్ళిలో చేసేదో.”

“పెళ్ళయిన మర్నాడే మా అత్తగారు నన్ను తీసుకొచ్చి ఈ తొట్టి దగ్గర నిలబెట్టింది. ఇంక పాటలెక్కడివి?”

మాట్లాడుతూనే ఆమె గుట్టలోంచి ఒక దుప్పటి లాగి, వెలుగుకి ఎత్తి చూసి, దాని మూలని వేళ్ళ మధ్య రెండు మెలికలు తిప్పింది. చిన్న ముడి పడింది, మల్లెమొగ్గంత ముద్దుగా. దుప్పటిని పక్కకి గిరాటేసి ఇంకోటి అందుకుంది.

“ఇప్పుడేం చేశావు?” అన్నాడు మేనేజరు.

“ముడేశాను.”

“అది తెలుస్తూనే ఉంది. ఎవరు నేర్పారు?”

“మా అత్తగారు. ఆవిడకి వాళ్ళత్తగారు.”

మేనేజరుకి పోయిన ప్రాణం లేచి వచ్చింది. “మూడు తరాల ముడి. దీనికి అర్థం ఏమన్నా ఉందా?”

“పోదు అని.”

“పోదు,” ఆ మాటని చాక్లెట్టులా చప్పరించాడు మేనేజరు. “వేసిన ముడి పోదు. కట్టుకున్న బంధం పోదు. ఇంత పెట్టుకుని ఏమీ లేదంటావేమిటి?”

“బంధం కాదు సార్, అది...”

“నువ్వేం చెప్పకు. వివరిస్తే అందం చెడిపోతుంది. స్టేజీ ఎక్కు, ముడెయ్యి, పోదు అను, దిగిపో. మిగతాది నేను చూసుకుంటాను.”

“పోనీ మా రెండో షిఫ్టు వాళ్ళని కూడా రమ్మనండి. చూస్తారు.”

“అందరూ సభకొచ్చి కూర్చుంటే తువ్వాళ్ళు ఎవరు ఉతుకుతారు?” అని మెట్లెక్కేశాడు మేనేజరు. సిబ్బంది గౌరవార్థం జరిగే సభకి సగం మంది సిబ్బందికి సెలవు దొరకలేదు.

సభ బాగా జరిగింది. తలపాగాకి చప్పట్లు పడ్డాయి, కోతపాటకి ఈలలు పడ్డాయి. చివరికి సబ్బత్త వంతొచ్చింది. పోని ముడి గురించి మేనేజరు పావుగంట మాట్లాడాడు. అందులో తల్లీబిడ్డలున్నారు, ఆలుమగలున్నారు, హోటలుకీ అతిథులకీ ఉన్న అనుబంధం కూడా ఉంది. సబ్బత్త తెల్లటి చేతిరుమాలుకి ముడి వేసి చూపించి, మైకు దగ్గరికి వంగి, “పోదు,” అంది. హాలంతా లేచి నిలబడింది.

పెద్దమేడమ్ కళ్ళు తుడుచుకుంది. పెళ్ళయిన కొత్తలో భర్త కొనిచ్చిన పట్టు శాలువా ఆవిడ భుజం మీద ఉంది. ఆయన పోయి ఆరేళ్ళయినా ఆవిడ దాన్ని వదలలేదు. అలాంటిది తీసి సబ్బత్త చేతిలో పెట్టింది.

“దీనికి కూడా వెయ్యవమ్మా.”

సబ్బత్త మేనేజరు వంక చూసింది. వెయ్యమన్నట్టు ఆయన కళ్ళతోనే గదమాయించాడు. వేసింది.

“దీన్ని ఇస్త్రీ చేయించి లాబీలో అద్దాల పెట్టెలో పెట్టిద్దాం. పొద్దున్నే నా చేతులతో నేనే పెడతాను,” అంది పెద్దమేడమ్. మేనేజరు భుజం కూడా తట్టింది. అంతకుముందున్న ముగ్గురిలో ఎవరికీ ఆ యోగం పట్టలేదు.

షిఫ్టు ముగించుకుని ఇంటికి వెళ్ళబోతూ సబ్బత్త ఆయన్ని మెట్ల దగ్గర ఆపింది. “శాలువా కిందికి పంపేటప్పుడు ముడి విప్పి పంపండి సార్.”

“పోని ముడిని విప్పడమేమిటి? నీ సంప్రదాయానికి నువ్వే విలువ ఇవ్వకపోతే ఎలా?” అని నవ్వి, శాలువాని తన చేత్తోనే మడిచి, ముడి పైకి కనబడేలా బట్టల బండిలో పెట్టాడు మేనేజరు. ఆ రోజు ఆయన ఈల వేసుకుంటూ ఇంటికి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున్నే పెద్దమేడమ్ అద్దాల పెట్టె తలుపు తీసి పట్టుకుని నిలబడింది. ఆవిడ కాళ్ళ దగ్గర నేల అద్దంలా మెరుస్తోంది. తుడిచేవాడు మేనేజరుని చూసి పలకరింపుగా నవ్వాడు. “ఇవాళ గుడ్డ మంచిది ఇచ్చారు సార్. మెత్తగా ఉంది.”

“మంచిది, మంచిది,” అంటూ మేనేజరు తడి దాటుకుని కిందికి పరిగెత్తాడు. సబ్బత్త అప్పుడే వచ్చి ఇస్త్రీపెట్టె వేడిచేస్తోంది.

“శాలువా ఏది?”

“ముడి విప్పి పంపారా?”

“ఎందుకు విప్పుతాను? పోదు అని నువ్వేగా చెప్పావు.”

సబ్బత్త ఇస్త్రీపెట్టె కింద పెట్టి ఆయన వంక జాలిగా చూసింది. “చెప్పానండీ, మరక పోదు అని. ఆ ముడి కనబడితే మా రెండో షిఫ్టు వాళ్ళు ఇంకేం చూడరు, చింపి నేల తుడిచేవాళ్ళకి ఇచ్చేస్తారు.”