కిటికీ దాకా నడక

ఆటలోంచి తాబేలమ్మను తీసేశారు.

తీసేసింది గేమ్ డిజైనరే. పెద్దగా ఆలోచించలేదు కూడా.

వాళ్ల ఆటలో అందరూ రాక్షసుల్ని నరుకుతారు, కోటలు దోచుకుంటారు. తాబేలమ్మ అని పేరు పెట్టుకున్న ఆ ఒక్క శాల్తీ మాత్రం కత్తి ముట్టుకోదు. పొద్దస్తమానం కొండ చుట్టూ నడుస్తూనే ఉంటుంది.

"మనుషులెవరూ ఇలా ఆడరు. ఇదేదో ఎవరో వదిలిన ప్రోగ్రాం," అన్నాడు డిజైనర్.

"పాపం, ఎవరి జోలికీ పోవట్లేదు కదా," అంది బొమ్మలు వేసే అమ్మాయి.

"అందుకే అనుమానం."

బటన్ నొక్కాడు. 'మీరు మనిషి కాదని తేలింది. ఇక సెలవు' అని తాబేలమ్మకు నోటీసు వెళ్లింది. ఆ మాటలు కూడా అతను రాసి పెట్టినవే.

అది ఎండాకాలం సంగతి.

వానలు పడేసరికి ఆటకు ఆదరణ పడిపోయింది. శుక్రవారంలోగా కొత్త ఆట ఏదో చెప్పకపోతే జట్టులోని నలుగురినీ తలో చోటికి పంపేస్తానని కంపెనీ నడిపే మేడమ్ తెగేసి చెప్పింది. ఎన్నో ఏళ్లుగా ఒకే బల్ల చుట్టూ కూర్చుని పోట్లాడుకున్న నలుగురు. విడిపోవాలంటే డిజైనర్‌కు ప్రాణం ఉసూరుమంది.

సినిమాలు చూశాడు. పాత ఆటలన్నీ తిరగేశాడు. ఎంత బుర్ర గోక్కున్నా ఒక్క ఆలోచనా రాలేదు. మౌస్ పట్టుకుని పట్టుకుని మణికట్టు మాత్రం బిగుసుకుపోయింది.

ఫిజియోథెరపీ క్లినిక్‌లో తన వంతు కోసం కూర్చున్నాడు. ఎదుటి కుర్చీలోంచి ఒక పెద్దావిడ చేతికర్ర ఊతంగా లేచింది.

"బాబూ, కాస్త కాళ్లు ముడుచుకో. ఇది నా దారి."

ముడుచుకున్నాడు. ఆవిడ రెండడుగులు వేసి ఠక్కున ఆగిపోయింది.

"ఏమైందండీ, నొప్పా?"

"ష్. ఎవరిదో ఫోన్ మోగుతోంది. మోగినంతసేపూ కదలకూడదు. కదిలితే మళ్లీ కుర్చీ దగ్గర్నుంచి మొదలెట్టాలి."

"ఎవరు పెట్టారండీ ఈ రూలు?"

"నేనే. ఎవరైనా ఆవలించారనుకో, ఒక అడుగు ఎక్కువ వెయ్యొచ్చు. చంటిపిల్ల నవ్విందా, రెండు. కిటికీ దాకా వెళ్తే గెలిచినట్టు."

"తొందరగా వెళ్లాలా?"

"తొందరపడితే పోయినట్టే! నేను కారు నడపడం నేర్పేదాన్ని. నెమ్మది, నెమ్మది అని ఊళ్లోవాళ్లందరి మీదా అరిచి, చివరికి నేనే తొందరపడి మెట్ల మీద జారాను."

ఆవిడ పకపకా నవ్వింది. అతనికీ నవ్వాగలేదు.

"మరి ఇందులో ఓడించేది ఎవర్నండీ?"

"ఓడించడం దేనికయ్యా? చుట్టూ ఎవరేం చేస్తున్నారో చూసుకుంటూ నడవడమే."

"నేనూ ఆడొచ్చా?"

"రా. నీకు కర్ర లేదుగా, ఒక కన్ను మూసుకో."

సగం దూరం వెళ్లారో లేదో అతని జేబులోనే ఫోన్ మోగింది. మేడమ్! ఇద్దరూ కొయ్యబొమ్మల్లా నిలబడ్డారు. ఫోన్ మోగి మోగి ఊరుకుంది.

"శభాష్," అంది పెద్దావిడ.

కిటికీ దగ్గరికి చేరేసరికి అతనికి కొత్త ఆట దొరికేసింది. మణికట్టు సంగతి మరిచి ఆఫీసుకు పరుగెత్తాడు. ఆవిడ పేరు కూడా అడగలేదు.

శుక్రవారం మేడమ్‌ను ఆఫీసు వరండాలో అలాగే నడిపించారు. ఆవిడ చివరిదాకా వెళ్లి, వెనక్కి తిరిగి, "ఇంకోసారి," అంది. నలుగురూ ఒకే బల్ల దగ్గర మిగిలారు.

ఆట తయారైంది. మొదట ఆ పెద్దావిడ చేతే ఆడించాలని డిజైనర్ క్లినిక్‌కు వెళ్లాడు.

"ఆవిడా? కర్ర ఇక్కడే వదిలేసి చక్కా నడుచుకుంటూ వెళ్లిపోయారు," అంది ఫిజియోథెరపిస్టు. "కూతురి దగ్గరికట. ఏ ఊరో తెలీదు."

అతనికి ఉసూరుమనిపించింది. అయినా కర్ర వదిలేశారన్న మాట ఎంతో హాయిగా ఉంది.

"మొదట్లో మేమే ఇంటికెళ్లేవాళ్లం. మంచం దిగమంటే దిగేవారు కాదండీ. మేం బతిమాలని రోజు లేదు."

"మరెలా లేచారు?"

"కంప్యూటర్లో ఏదో ఆట ఆడేవారు లెండి. ఒకరోజు ఆ ఆటవాళ్లు, మీరు మనిషి కాదు పొమ్మన్నారట. ఎంత నవ్వారో! 'అయితే మనిషినేనని చూపిద్దాం, ఆ కర్ర ఇలా ఇవ్వండి' అన్నారు. అదే మొదటి అడుగు."

అతని జేబులో ఫోన్ మోగింది.

డిజైనర్ కదల్లేదు, అది మోగి మోగి ఆగేదాకా కొయ్యబొమ్మలా నిలబడి, అప్పుడు మెల్లగా అడిగాడు, "ఆ ఆటలో ఆవిడ పేరు తాబేలమ్మ కదూ?"