పురుగులపాటి మర్యాద

స్వామి విభూతి అద్దిన పుండు ఎందుకు కుళ్లింది? భార్య అంజనమ్మ పోయినప్పటి నుంచి మునివెంకటప్పను ఈ అనుమానం తొలుస్తూనే ఉంది. పూజ మాత్రం ఏనాడూ మానలేదు.

ఇప్పుడు అక్క మునిరత్నమ్మ అదే విభూతి పొట్లంతో వచ్చి గది గడపలో నిలబడింది. లోపల అతని కొడుకు చంద్రు బోర్లా పడుకొని ఉన్నాడు. బండి మీద నుంచి పడి వెన్ను చివరి ఎముక విరిగితే, చిక్కబళ్లాపురంలో ఆపరేషన్ చేసి తీసేశారు. కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

"అడ్డం లెయ్‌రా! పుండు మింద రవ్వంత అద్దితే చాలు, మానిపోతాది."

"నుదుట పెట్టక్కా. పుండు తాకొద్దు. ముందు ఆ తొట్టికాడ చేతులు కడుక్కో."

పట్టుపురుగుల గది ముందుండే తొట్టిని అతనే తెచ్చి ఈ గడప పక్కన పెట్టాడు. మీద కొత్త సబ్బు ఉంది.

"ఇది మనుషులుండే గదా, పురుగులుండే మనేనా?" అని మునిరత్నమ్మ ఎగతాళి చేసింది.

"పురుగులకి ఆకెయ్యాలంటే మోచేతుల దాకా తోముతావే! మా చంద్రు పురుగుపాటి చెయ్యడా?"

"స్వామి మిందే అనుమానమా నీకు?"

"స్వామి మింద కాదక్కా. నా చేతుల మింద."

మునిరత్నమ్మ అతని చేతుల వంక చూసింది. ఆ రోజు పశువుల కొట్టంలో నుంచి నేరుగా వచ్చి, భార్య నడుము మీది పుండుకు విభూతి అద్దిన చేతులవి. అంజనమ్మ ఏదో అడిగింది. అతను విననట్టే ఉండిపోయాడు. అది అక్కకూ తెలుసు.

ఆమె గొణుక్కుంటూనే సబ్బు తీసుకుంది. అతనూ మోచేతుల దాకా రుద్దుకున్నాడు. ఇద్దరూ గడప మీద కాలు పెట్టబోతుండగా లోపలి నుంచి ఆడగొంతు వినిపించింది.

"చేతులు కడిగినారా?"

"చూడరా, నీ కోడలు అంబిక కూడా నన్నే నిలేస్తాంది!" మునిరత్నమ్మ మూతి తిప్పింది.

మునివెంకటప్ప కదల్లేదు. అంతలో వీధి తలుపు కిర్రుమంది. అంబిక చెమటలు కక్కుతూ మందుల సంచితో లోపలికి వచ్చింది.

"బాగేపల్లి బస్సు ఇంతసేపు చేసింది మామా. ఆయన ఒక్కడే ఉండాడా?"

మునిరత్నమ్మ తమ్ముడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మరి లోపల ఎవురురా?"

అతను తడి చేతులు రెండూ గదిలోకి చాచి, ఇన్నేళ్లూ బాకీపడిన జవాబు చెప్పాడు.

"కడిగినానే అంజనా. ఈసారి కడిగినాను."