మకావ్ జంట

“ఇది గూడా గొడ్డుదేరా, మన హైమ మాదిరే!” అంది నాగమ్మ, పంజరంలోని ఎర్ర మకావ్ చిలుక కాలికి తాయెత్తు కట్టి. “మగదానికి ఇంకో పెండ్లాన్ని తే. నీకు గూడా అదే చెప్తాండా.”

కొడుకు ఓబులేసు తలకాయ ఊపాడు. జమ్మలమడుగు దగ్గర తన తోటలో పెంచుతున్న విదేశీ పక్షులన్నీ పిల్లలు చేశాయి, ఈ జంట తప్ప. కోడలు హైమ పక్కనే నీళ్ల గిన్నెలు కడుగుతోంది.

అప్పుడే ప్రొద్దుటూరు నుంచి పక్షుల డాక్టరు వచ్చాడు.

“ఈకలు ల్యాబుకు పంపినా కదప్పా, తేలిపోయింది. రెండూ మగవే.”

“ఆడదని ఇన్నాళ్లూ దీనికి మందులు తాపితిమే సార్!” అన్నాడు ఓబులేసు.

“పరీక్ష చేయించకుండా తాపితే గుడ్లు యాడనుంచి వస్తాయప్పా?”

చిలుక తాయెత్తు కొరికి కింద పడేసింది.

హైమ తడి చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి, మొగుడి తలలోంచి ఒక వెంట్రుక పుటుక్కున పీకింది.

“అబ్బా! ఏందే ఇది?”

ఆమె దాన్ని డాక్టరు చేతిలో పెట్టింది.

“సార్, ఇది గూడా ల్యాబుకు పంపండి. మా జంటలో ఇన్నేండ్లూ పరీక్షలన్నీ నాకే చేసినారు.”